సిఫారసు లేఖల సెక్యులరిజం

1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో ‘సెక్యులర్’ చేరింది. మతం వేరు, సర్కారు వేరు అన్నమాట. గుడి మాత్రం సర్కారుదే!

హుండీ మీద ఈవో, ఈవో మీద కమిషనర్, కమిషనర్ మీద మంత్రి. అందరి మీదా దేవుడున్నాడంటారు గానీ, ఆ సంగతి ఏ జీవోలోనూ లేదు. చర్చికి ఈవోను వేస్తే మతంలో జోక్యం. గుడికి వేస్తే సుపరిపాలన.

1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. తాత చేసిన పూజ మనవడికి హక్కుగా రాకూడదన్నారు. 1996లో సుప్రీంకోర్టూ సరేనంది. బాగుంది. తాత గెలిచిన నియోజకవర్గం మనవడికి రావడంపై మాత్రం చట్టసభల్లో ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు లేదు.

2021లో తిరుమల శ్రీవారి సేవకు పాలకమండలి చాలక, యాభైమందికి పైగా ప్రత్యేక ఆహ్వానితులను చేర్చారు. ఆహ్వానించింది స్వామి కాదు, సచివాలయం. హైకోర్టు ఆ జీవోకు బ్రేకు వేసింది.

కొండమీద అసలు బ్రేక్ వేరే ఉంది లెండి, దర్శనాలది.

ఆ దర్శనాలకు తమ సిఫారసు లేఖలు చెల్లడం లేదని తెలంగాణ ప్రజాప్రతినిధులు వాపోతే, 2024 చివర ఆంధ్ర ముఖ్యమంత్రి కనికరించారు. వారానికి బ్రేక్ దర్శనానికి రెండు లేఖలు, మూడొందల టికెట్‌కు రెండు. కృష్ణా నీటి వాటా ఏళ్లుగా తేల్చుకోలేని రెండు రాష్ట్రాలు వెంకన్న వాటా మాత్రం ఉత్తరంతో తేల్చేసుకున్నాయి!

లేఖ లేనివాడు సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో పాలగ్లాసు పట్టుకుని గోవిందా అంటున్నాడు. లోపల ప్రోటోకాల్ నడుస్తోంది.