తీగల పులుసు

బెల్లం పాకాలు కాచిన కామారెడ్డికి ఇనుము కాచడం కొత్త విద్య. అదీ నేర్చేసుకున్నాం. గిటారు పట్టిన ప్రతి పోరగాడి ఫోన్‌లోనూ అవే వీడియోలు: పొంగే నీళ్లలో నాలుగు బేస్ గిటారు తీగలు, పది నిమిషాల కుతకుత, ఆపైన 'టంగ్' మని ఒక మోత, కింద చప్పట్ల బొమ్మలు.

మా మేనల్లుడు ఎల్లారెడ్డి నుంచి దిగి తిన్నగా వంటింట్లోకి నడిచాడు. "అత్తా, పప్పు గిన్నె జర ఇయ్యవా." ఇచ్చింది. ఏదో వండుకుంటాడనుకుంది, పాపం.

నీళ్లు ముందు చాయ్ రంగుకు తిరిగాయి, తర్వాత మోరీ రంగుకు. పైన తేలుతున్న జిడ్డును వాడు గర్వంగా చూపించాడు. "చూడు మామా, ఎంత మురికి ఉందో!" చూశాను. ఆ జిడ్డు తీగలో పుట్టింది కాదు, పెళ్లి బిర్యానీలది. ఫంక్షన్ హాల్లో ముక్క కొరికి, చేతిని కర్చీఫుకు తుడిచీ తుడవనట్టు తుడిచి స్టేజీ ఎక్కితే అది పోయి కూర్చునేది తీగ సందుల్లోనే.

వేడినీళ్లకు మహిమ లేదనను. రౌండ్‌వౌండ్ తీగంటే నడిమి ఉక్కు మీద ఇంకో సన్న తీగ చుట్టినది. ఆ చుట్ల మధ్య చెమట, చర్మపు పొట్టు పేరుకుంటే పై హార్మోనిక్స్ మొద్దుబారతాయి. ఉడికిస్తే జిడ్డు వదులుతుంది, మెరుపు తిరిగొస్తుంది, కొద్దిరోజులు. కానీ ఫ్రెట్లు చేసిన నొక్కులు ఉడికితే పోతాయా? లాగి లాగి అలసిన ఉక్కు పడుచుదవుతుందా? విప్పి మళ్లీ బిగిస్తే, మర దగ్గర ముందే మడత పడ్డ చోట పుటుక్కుమనే ప్రమాదం ఒకటి. సరిగ్గా ఆరకపోతే తుప్పు ఇంకొకటి. మావాడు ఆరడానికి దండెం మీద వేశాడు, మా ఆవిడ చీర పక్కన. చీరకు నల్లచారలు పడ్డాయి. వాటిని ఏ నీళ్లలో ఉడకబెట్టాలో ఏ వీడియోలోనూ లేదు.

స్పిరిట్‌లో నానబెట్టే శాఖ వేరే ఉంది. స్పిరిట్ సీసా పొయ్యి గట్టు మీదే. తీగలు కడగడానికి అల్ట్రాసోనిక్ డబ్బా కొనమనేవాళ్లకు దండం.

డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్పాను. "అది పాత సౌండు మామా." ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల జమిడికదీ పాత సౌండే. దాని నరాన్ని ఉడికించినవాణ్ణి నేను చూడలేదు.

ఇంతకీ ఈ మెరుపు ఎవరికి వినపడాలి? బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. దాని మెరుపంతా పై హార్మోనిక్స్‌లోనే. మన సౌండాయన మొట్టమొదట కోసేసేది వాటినే. మిగిలింది డీజే డబ్బాలు మింగేస్తాయి.

అసలు బేస్ వాయించే మనిషే ఎక్కడున్నాడు? చాలా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డాయన ఎడమచెయ్యి వాడి కూడు తినేసింది. మిగిలినవాణ్ణి స్పీకరు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతారు. రాత్రంతా వాయించినా కొత్త సెట్టు కొనడానికి చెయ్యాడని కూలి చేతిలో పెడతారు. వాడు తీగలు ఉడికించుకునేది సరదాకు కాదు, గతిలేక. ఆ గతిలేనితనాన్ని చిట్కా చేసి, వెనక పాట పెట్టి, లైకులకు అమ్ముకుంటున్నారు. సిగ్గుండాలి. తాళం తప్పకుండా ఒక్క పాట చివరిదాకా ఎలా పట్టాలో వీళ్లలో ఒక్కడైనా చూపించాడా?

అబ్బాయిలూ, స్టేజీ ఎక్కే ముందు సబ్బుతో చేతులు కడగండి. దిగాక పొడిగుడ్డతో ఒక్కో తీగనూ తుడవండి. దీనికి వీడియో అక్కర్లేదు. ఇక ఆర్కెస్ట్రా ఓనర్లు. పొగ మిషన్‌కు అడిగినంత కిరాయి కడతారు కదా, ఏడాదికి రెండు సెట్ల తీగల డబ్బు బేస్ పిల్లాడి చేతిలో పెట్టండి. వాడి కూలిలోంచి కోసుకోకుండా.