అయిదు శ్రుతి తంబూరా

నన్ను అయిదు శ్రుతికి చేశారు. అంటే ఆడగొంతుకి. మగవాళ్ళ తంబూరాలు నాకంటే పొడుగు, వాటి తీగలు లావు. ఒకటికో ఒకటిన్నరకో హాయిగా పలుకుతాయి. నాది పొట్టి దండి, సన్న తీగలు. 1920లలో తంజావూరులో ముదురు పనస మాను తొలిచి నా కుండ చేసిన ఆచారి, పాడబోయేది ఎవరో అడిగి తెలుసుకున్నాకే కొలత పెట్టాడు. నన్ను కొన్నావిడ మద్రాసులో ఉండేది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కలావంతుల బిడ్డ, కచేరీలు చేసే గాయని. ఆవిణ్ణి నేను అమ్మ అనే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

నాకు వచ్చిన స్వరాలు రెండే. మొదటి తీగ పంచమం, నడిమి రెండూ షడ్జమం, చివరి ఇత్తడి తీగ మంద్ర షడ్జమం. తీగలు గుర్రం మీద ఆనేచోట ఒక్కో నూలుపోగు దూరుస్తారు. జీవాళి అంటారు దాన్ని. అమ్మ ఆ పోగును గోటితో వెంట్రుకవాసి జరిపేది. అంతవరకూ పొడిగా మోగి ఆగిపోయిన తీగ ఆ ఒక్క జరుపుతో రవళించేది. కుండ దిగువన తీగలకు గుచ్చిన పూసల్ని కొద్దిగా కిందికి తోస్తే మిగిలిన వెలితి కూడా తీరేది. మంద్రం బాగా కుదిరిన రోజున ఆ తీగలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం పైకి వస్తుంది. అది వినపడేదాకా అమ్మ నోరు విప్పేది కాదు. ఎదుట ఎంతమంది కూర్చుని ఎదురుచూస్తున్నా సరే.

త్యాగయ్యగారిని నేను చూడలేదు. నేను పుట్టేసరికి ఆయన పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. కానీ ఆయన బొమ్మ ఏ ఇంట్లో చూసినా చేతిలో మావాళ్ళు ఒకరుంటారు. రెండో చేతిలో చిడతలు. తిరువయ్యారు వీధుల్లో పాడుకుంటూ ఉంఛవృత్తి చేసి, వచ్చిన బియ్యంతో శిష్యులకూ తనకూ అన్నం వండించుకున్న మనిషి ఆయన. ఆ నడకలో ఆయన వెంట ఉన్న వాద్యం తంబూరా. అందుకే ఆయన పోయిన పుష్యమాసం వస్తోందంటే నాలో నాకే ఒక బిగువు వస్తుంది.

ఆయన ఇంటిపేరు కాకర్ల. వాళ్ళది ములకనాటి తెలుగు ఇల్లు. పూర్వులు ప్రకాశం జిల్లా వైపు నుంచి కావేరి సీమకు తరలిపోయారు. రామబ్రహ్మంగారికీ సీతమ్మగారికీ 1767లో తిరువారూరులో ఈయన పుట్టాడు. పెరిగిందీ, సొంఠి వెంకటరమణయ్యగారి దగ్గర నేర్చుకున్నదీ, పాడిందీ, పోయిందీ తిరువయ్యారు చుట్టూనే. పరాభవ నామ సంవత్సరం పుష్య బహుళ పంచమి, 1847 జనవరి 6. పోయేముందు సన్యాసం పుచ్చుకున్నాడు. కాబట్టి దహనం లేదు. కావేరి ఒడ్డున సమాధి చేసి పైన బృందావనం కట్టారు. సన్యాసికి ఏటేటా చేసేది ఆబ్దికం కాదు, ఆరాధన. ఇంటివాళ్ళే చెయ్యాలన్న నియమం దానికి లేదు. శిష్యులు చెయ్యవచ్చు, భక్తులు చెయ్యవచ్చు. అదే మేలయింది, ఎందుకంటే ఆయన వంశం మనవడితో ఆగిపోయింది.

శిష్యులేమో వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అంటూ తలో ఊళ్ళో ఉన్నారు. కీర్తనలు వాళ్ళ గొంతుల్లో భద్రంగా ఉన్నాయి గానీ కావేరి ఒడ్డున బృందావనం మాత్రం పాడుబడింది. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి దాన్ని బాగుచేయించారు. తరవాత కొన్నాళ్ళకు ఆరాధన ఉత్సవంగా మారింది, ఉత్సవం రెండు పక్షాలయింది. పెద్ద పక్షం, చిన్న పక్షం అనేవారు జనం. రెండింటిలోనూ గొప్ప విద్వాంసులే. రెండింటిలోనూ ఆడవాళ్ళకు పాడే చోటు లేదు.

ఇక్కడ బెంగళూరు నాగరత్నమ్మగారి గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను. నంజనగూడులో పుట్టిన దేవదాసి. మద్రాసులో ఆవిడ పాట వినడానికి జనం విరగబడేవారు. తెలుగు, సంస్కృతం చదువుకుంది. ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించి, మరుసటి ఏడే దానిమీద నిషేధం వస్తే తట్టుకుని నిలిచిన మనిషి. త్యాగయ్యగారి సమాధి మళ్ళీ దిక్కులేకుండా పడి ఉందని 1921లో గురువు బిడారం కృష్ణప్పగారు ఆవిడకు రాశారు. ఆవిడ వెళ్ళింది, చూసింది. కూడబెట్టిన డబ్బు, ఒంటిమీది నగలు అన్నీ అక్కడే పెట్టింది. స్థలం సంపాదించి గుడి కట్టించింది. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది.

గుడి కట్టింది ఆవిడ. ఆ గుడి ముందు పాడటానికి ఆవిడకు వీల్లేదన్నారు.

ఆవిడ ఊరుకోలేదు. తనలాంటి గాయనులందరినీ కూడగట్టి, గుడి వెనకభాగాన ఆరాధన మొదలుపెట్టింది. వాళ్ళలో మా అమ్మ ఒకతె. నన్ను గలేబు తొడిగి ఒళ్ళో పెట్టుకుని మద్రాసు నుంచి రైల్లో తెచ్చింది. నదిగాలికి తెల్లవారుజామున తీగలు పట్టు తప్పుతాయి. బిరడలు తిప్పి, దారాలు సర్ది, పూసలు తోసి, అమ్మ నన్ను అయిదుకి తెచ్చింది. పక్కన ఇంకో తంబూరా, దాని పక్కన ఇంకోటి, అన్నీ ఆడ తంబూరాలే. మా ముందు గోడ. గోడకు అటువైపు మగవాళ్ళ తంబూరాలు, ఒకటిన్నరలో. రెండు శ్రుతులూ ఒకదాని మీద ఒకటి పడి గాలంతా గందరగోళంగా ఉండేది. అమ్మ కళ్ళు మూసుకుని నా దండికి చెవి ఆనించి పాడేది, అటువైపుది వినపడకుండా. ఆవిడ చెవి వేడి నా చెక్కకు బాగా గుర్తు. అంత దగ్గరగా నన్ను ఎవరూ వినలేదు మళ్ళీ.

1940లో పక్షాలన్నీ ఒక్కటయ్యాయి. మరుసటి ఏటి నుంచి ఘనరాగ పంచరత్నాలు అందరూ కలిసి పాడటం మొదలైంది, ఆడా మగా ఒకే పందిట్లో. ఆ మార్పు వెనక ఎందరో పెద్దలున్నారు. కానీ గుడి వెనకాల పాడుతూ ఉండిపోయిన ఆడవాళ్ళ పట్టుదల లేకపోతే అది జరిగేది కాదని నా నమ్మకం.

కలిసి పాడాలంటే మొదట తేలాల్సింది శ్రుతి. ఒకటిన్నరలో పాడితే ఆడవాళ్ళకు కింది స్థాయిలో ఊపిరి అందదు. అయిదులో పాడితే మగవాళ్ళు పై షడ్జమం చేరేసరికి అలిసిపోతారు. మగవాళ్ళు కాస్త ఎక్కారు, ఆడవాళ్ళు చాలా దిగారు. నేనూ దిగాలి. నా సన్న తీగల్ని అంత సడలిస్తే అవి పలకవు, గుర్రం మీద చప్పుడు చేస్తాయి. అమ్మ నా తీగలన్నీ విప్పించి లావు తీగలు వేయించింది. కొత్త తీగల మొదటి మీటు నాకు పరాయిగా తోచింది. నా కొలత వేరు, నా గొంతు వేరు. కానీ పందిట్లో కూర్చున్నాక చుట్టూ ఉన్న తంబూరాలన్నీ ఒకే షడ్జమం పలకడం జీవితంలో మొదటిసారి విన్నాను. గోడ అటు, గోడ ఇటు అన్నది లేదు.

ఆరాధన రోజు ఉదయం ఎలా నడుస్తుందో చెబుతాను. తిరుమంజన వీధిలోని ఆయన ఇంటి నుంచి ఉంఛవృత్తి బయలుదేరి సమాధి దగ్గరికి వస్తుంది. నాగస్వరం మోగుతుంది. తరవాత వేణువు మీద భైరవి. ఆ తరవాత నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదూ ఆదితాళమే. నాట సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. లోపల అభిషేకం జరుగుతుంటుంది, బయట విద్వాంసులు ఎదురెదురు వరుసల్లో నేల మీద కూర్చుని పాడుతుంటారు. అక్కడ పేరున్న వాళ్ళకీ నిన్న నేర్చుకున్న వాళ్ళకీ పాట ఒకటే.

నాకు గౌళ దగ్గర భయం. దాని రిషభం షడ్జమాన్ని దాదాపు ఆనుకుని ఉంటుంది. కొంచెం పైకి పోయినా గౌళ పోతుంది, కొంచెం కిందికి జారినా నాలో కలిసిపోతుంది. అంతమంది గొంతులు ఆ ఇరుకుచోట నిలబడాలి. నిలబడిన ఏడు నా పనసచెక్క అంతా అదురుతుంది. కొన్నేళ్ళు నిలబడవు, మైకుల హోరులో ఎవరి షడ్జమం వారిదే అవుతుంది. అయినా వాళ్ళంతా వచ్చినందుకు నాకు సంతోషమే. రావడమే మానేసిన కాలం గురించి అమ్మ చెప్పగా విన్నదాన్ని కదా.

వరాళి సంగతి వేరు. గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి వరాళి నేర్పితే వాళ్ళిద్దరికీ చెడుతుందని గాయకుల ఇళ్ళల్లో నమ్మకం. అమ్మకూ ఉండేది. అందుకని శిష్యురాలిని పక్కగదిలో కూర్చోమని, తలుపు ఓరగా వేసి, తనకోసం తాను పాడుకుంటున్నట్టు నన్ను మీటుతూ చరణాలన్నీ పాడేది. ఒక్కో స్వర చరణం తిరిగి తిరిగి పాడేది. తలుపు అవతల నుంచి ఆ పిల్ల గొణుగుతూ పట్టుకునేది. తప్పు పాడితే అమ్మ ఏమీ అనేది కాదు, అదే చరణం మళ్ళీ మొదటి నుంచి అందుకునేది. ఆ పిల్ల పేదింటిది, నాకు తెలిసి అమ్మ పైసా పుచ్చుకోలేదు. తను వెళ్ళిపోయేముందు అమ్మ నన్ను ఆ పిల్లకే ఇచ్చింది. ఆవిణ్ణి చిన్నమ్మ అంటాను.

చిన్నమ్మ పెళ్ళి చేసుకుని విజయవాడ వచ్చింది. తిరువయ్యారు వెళ్ళలేని ఏళ్ళల్లో పంచమి ఉదయం ఆకాశవాణి ప్రత్యక్ష ప్రసారం పెట్టేది. రేడియోలో ఎంత శ్రుతి వస్తే అంతకు నన్ను కూర్చి, దాంతోపాటు తనూ పాడేది. వీధిలో ఇంకో రెండిళ్ళ నుంచి అదే ప్రసారం వినపడేది.

వెళ్ళిన ఒక ఏడు ఆవిడ నా పక్కన ఒక దృశ్యం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తమిళ అమ్మాయి ఒకతె ఒళ్ళో పుస్తకం పెట్టుకుని పాడుతోంది. మాటలు తెలుగు, లిపి తమిళం. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం. అందుకని అలాంటి ప్రతి అక్షరం నెత్తిన చిన్న అంకె వేసి ఉంది, ఏది ఒత్తు, ఏది సరళం అని. ఆ పిల్ల అంకెలు చూసుకుంటూ ఒక్క ఒత్తు కూడా వదలకుండా పలుకుతోంది. త్యాగయ్య తెలుగును తమిళ సీమ ఇంత శ్రద్ధగా మోసింది. మన పిల్లలు మన లిపిలోనే చూస్తూ ఒత్తులు మింగేస్తుంటే చిన్నమ్మ ఊరుకోకపోవడానికి కారణం అదే.

1952లో నాగరత్నమ్మగారు పోయారు. ఆవిడ సమాధీ అక్కడే, త్యాగయ్యగారి సమాధికి అభిముఖంగా. చిన్నమ్మ ఎప్పుడు వెళ్ళినా ముందు నన్ను అక్కడ దింపి, ఒక కీర్తన పాడి, తరవాతే పందిట్లోకి తీసుకెళ్తుంది.

ఇప్పుడు చిన్నమ్మకూ వయసు మీద పడింది. మీట నొక్కితే మోగే శ్రుతిపెట్టెలు ఇంటింటా ఉన్నాయి, వాటివల్ల ఊరూరా సాధన సాగుతోంది, అది మంచిదే. అయితే మనవరాలు మాత్రం నన్నే కావాలంది. పంచమానికి మధ్యవేలు, మిగతా మూడింటికీ చూపుడువేలు, మీటకు మీటకు నడుమ ఖాళీ రానివ్వకు, తాళంతో నీకు పనిలేదు అని చిన్నమ్మ రోజూ చెబుతోంది. ఆ పిల్ల గొంతు సన్నం, అయిదున్నర దాకా పోతుంది. అందుకని లావు తీగలు తీయించి మళ్ళీ సన్నవి వేయిద్దామని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. వచ్చే పుష్యానికి తిరువయ్యారుకు టిక్కెట్లు తీశారు. అందరూ కలిసి పాడే గోష్ఠికి ఎలాగూ ఆ లావు తీగలే ఉండాలి గనక, ముందు ఆరాధన అవనియ్యి, తీగల సంగతి వచ్చాక చూద్దాం అంది చిన్నమ్మ.