సాల్ట్ లేక్ పక్షిగణకుడు

నగర జీవావరణ శాస్త్రమంటే ఊరిని చెట్టూ పురుగూ కాకీ మురుగూ మనిషీ కలిసి కాపురం చేసే ఒకే వ్యవస్థగా పరిశీలించే విద్య. దానికోసం కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చేరే కొల్లేటి ప్రాంతపు తెలుగు విద్యార్థి, వారం తిరక్కుండానే ఆ వ్యవస్థలో విడిగా గుర్తించదగిన జాతి అవుతాడు.

మెడలో బైనాక్యులర్సు, చంకలో క్వాడ్రాట్, అనగా నేలమీద పరచి లోపల మొలిచిన మొక్కలను లెక్కించే మీటరు చదరపు చట్రం, అతని బాహ్య లక్షణాలు. తెల్లవారుజామున సెంట్రల్ పార్కులో పది నిమిషాలు కదలకుండా నిలబడి, కనబడిన పక్షినల్లా రాసుకోవడాన్ని అతడు ‘పాయింట్ కౌంట్’ అంటాడు, నడకకు వచ్చిన విశ్రాంత ఉద్యోగులు మాత్రం “స్థలం కొలతలా దాదా?” అని వాకబు చేస్తారు. ఆ అనుమానం తప్పు కాదు, ఎందుకంటే 1960లలో హుగ్లీ నది నుంచి తోడిన బురదను గొట్టాల ద్వారా పంపి చిత్తడి నేలను పూడ్చి, యుగోస్లావియా వాస్తుశిల్పి తోష్కోవిచ్ గీసిన పటం ప్రకారం అక్షరాల బ్లాకులుగా కోసిన ఈ ఊరు పుట్టిందే కొలతబద్ద మీద. “కాకుల్ని లెక్కెట్టడానికి అంత దూరం వెళ్ళాలట్రా?” అని ఫోనులో తల్లి వేసే ప్రశ్నకు మాత్రం ఏ సిద్ధాంత వ్యాసంలోనూ జవాబు దొరకదు.

అతని అసలు వ్యసనం వర్గీకరణ. పార్కులో పూసిన తురాయి మడగాస్కర్ నుంచి వచ్చిందనీ, కనుక పరదేశి అనీ ఎదురుపడిన ప్రతివారికీ చెబుతాడు. నగరపు మురుగునీటిలో ఎండ సాయంతో నాచు పెంచి, ఆ నాచుతో చేపలను పెంచే తూర్పు కోల్‌కతా చెరువులను, స్థానికులు భేరీలనే వాటిని, వర్ణించేటప్పుడు అతని గొంతు గద్గదమవుతుంది. ఆ చిత్తడి నేలలు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ జాబితాలో చేరిన 2002 ఆగస్టు 19నే తన ఇంటి పక్క కొల్లేరూ చేరిందని తెలిసింది ఇక్కడికొచ్చాకే.

బజారులో చేపలమ్మే ఆమెకూ వర్గీకరణ వచ్చు: భేరీలో పట్టినది స్థానికం, లారీలో మంచు కప్పుకుని ఆంధ్ర నుంచి దిగిన రోహు ‘చలానీ’, అంటే బయటి సరుకు, ధర తక్కువ. ఫెలోషిప్పు ఆలస్యమైన నెలల్లో అతడు కొనేది చలానీయే.