బాణం గుర్తు చూసి వినవలెను

శ్రీశైలంలో పుట్టిన కరెంటు నల్లమల అడవి దాటి, ఉక్కు తీగ చుట్టూ పేనిన అల్యూమినియం తీగల మీద హైదరాబాదు చేరి, సబ్‌స్టేషన్లలో మెట్టు మెట్టూ దిగి, వీధి మలుపులో నూనె కారుతున్న ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి బయటపడి, సంక్రాంతి నాటి మాంజా ఇంకా వేలాడుతున్న స్తంభాల మీదుగా అపార్ట్‌మెంటు మీటరు బోర్డులోకి దూరుతుంది. అక్కణ్నుంచి బిల్డరు చవగ్గా వస్తుందని వేయించిన వైరులో మూడో అంతస్తుకెక్కుతుంది. దారి పొడుగునా దానికంటిన మైలంతా చివరి మీటరున్నరలో వదిలిపోతుందని మా తోడల్లుడి నమ్మకం. అందుకని గోడ ప్లగ్గు నుంచి ఆంప్లిఫయరు దాకా లక్షన్నర పోసి ఓ లావుపాటి తీగ వేయించాడు.

"ఇప్పుడు కరెంటు స్వచ్ఛంగా వస్తోంది, అన్నయ్యా!" అన్నాడు.

ఆ స్వచ్ఛమైన కరెంటును ఆంప్లిఫయరు ఏం చేస్తుందో ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది? లోపల ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజీని మార్చేస్తుంది, డయోడ్లు ఒకే దిక్కుకు మళ్లిస్తాయి, కెపాసిటర్లు చదును చేస్తాయి. వచ్చిన కరెంటును వచ్చినట్టు వాడుకునే ఉద్దేశం దానికి మొదట్నుంచీ లేదు. అయినా నేనే చెప్పాను. అంతా విని "అది ఇంజనీర్ల మాట" అని తీసిపారేశాడు. ఆంప్లిఫయరు చేసిందీ ఇంజనీర్లేనని అనబోయాను గానీ, అత్తగారింట్లో పండగ పూట ఎందుకులెమ్మని గారె అందుకున్నాను.

ఆయన్ని తలదన్నే రసికులు జపాన్‌లో ఉన్నారు. ఇరుగుపొరుగు వాడకం వల్ల కరెంటు కలుషితమై పాట పాడవుతోందని, ఏకంగా సొంత స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకున్న శ్రోతల గురించి 2016లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. బోరు మోటారు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి కరెంటాఫీసు చుట్టూ తిరుగుతున్న రైతుకు మాత్రం ఈ వార్త చదివి వినిపించకండి.

స్పీకరు తీగ సంగతి ఇంకా తేలిక. ఇళ్లలో పవర్ ప్లగ్గులకు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఐదు మీటర్ల దూరం లాగితే, రానూపోనూ కలిపి దాని నిరోధం సుమారు 0.07 ఓమ్. స్పీకరుది 8 ఓమ్. అందులో ఇది ఒక శాతం కూడా కాదు. తగ్గే ధ్వని 0.1 డెసిబెల్ లోపే. పాట మధ్యలో 1 డెసిబెల్ తేడా వస్తే పసిగట్టడమే మామూలు చెవికి కష్టం. తీగ మరీ సన్నమై మరీ పొడుగైతే తేడా వస్తుంది, కాదనను. దానికి మందు మందపాటి తీగ. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఎన్ని మీటర్లు కావాలో చెబితే కోసి, చుట్ట చుట్టి చేతిలో పెడతారు. మఖమలు పరిచిన పెట్టె, సీరియల్ నంబరున్న ధ్రువపత్రం ఇవ్వరు. వాళ్ల తీగ తీయగా పాడకపోవడానికి అంతకు మించి కారణం నాకు కనిపించలేదు.

ఇక బాణాలు. ఖరీదైన తీగల మీద ఎటు నుంచి ఎటు పోవాలో బాణం గుర్తు వేస్తారు. స్పీకరు తీగలో సిగ్నలు సెకనుకు కొన్ని వేలసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. బాణం చూసి అది తిరుగు ప్రయాణం మానుకుంటే పాటే లేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: ఒక పరికరాన్ని మరో పరికరానికి కలిపే కొన్ని ఇంటర్‌కనెక్ట్ తీగల్లో పై షీల్డును ఒక కొసనే కలుపుతారు, అది ఏ కొసో తెలియడానికి గుర్తు పెడతారు. ఆ బాణానికి అర్థముంది. కానీ 2008లో డెనాన్ కంపెనీ మీటరున్నర నెట్‌వర్క్ తీగను 499 డాలర్లకు అమ్ముతూ దాని మీద కూడా దిక్కు చూపించింది. అందులో నడిచేవి సున్నాలూ ఒకట్లూ. ఎంత ఖరీదైన తీగలో వచ్చినా సున్నా సున్నాయే. అలాంటి తీగ చెడితే పాట తెగుతుంది, ఆగుతుంది. అంతేగానీ గాయని గొంతులో తీయదనం పావువంతు తగ్గి తక్కినది క్షేమంగా రాదు.

మరి తేడా వినిపిస్తోందని ప్రమాణం చేసేవాళ్ల మాటేమిటి? 2007లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు ఇదే అడిగాడు. పన్నెండడుగుల జత 7,250 డాలర్లు పలికే పేర్ కంపెనీ స్పీకరు తీగలకూ మామూలు తీగలకూ తేడాను, ఏది ఏదో చూడకుండా, చెవితోనే చెప్పినవారికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. కంపెనీ ముందుకొచ్చినట్టే వచ్చి తప్పుకుంది. షరతుల మీద ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి, పరీక్ష మాత్రం జరగలేదు. ఇంట్లో కూర్చుని ఇట్టే పట్టేసే తేడా కోసం అంత సొమ్మొస్తుందంటే ఒక్క పూట ఓపిక పట్టలేకపోయారు.

తోడల్లుడికి పరీక్షలు అక్కర్లేదు. కొత్త తీగ వేశాక మాయాబజార్ పాట పెట్టించి, "విన్నావా, ఘంటసాల ఎడమకు జరిగారు, లీల కుడికి జరిగారు, మధ్యలో గాలాడుతోంది" అన్నాడు. అది 1957 సినిమా, ఆయన పెట్టింది మోనో రికార్డు. రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే ధ్వని. ఇన్ని దశాబ్దాలుగా ఒక్కచోట నిలబడి పాడుతున్న ఇద్దరినీ విడదీసిన తీగకు లక్షన్నర ఎక్కువేమీ కాదు, ఫ్యామిలీ కోర్టులో అంతకంటే ఎక్కువవుతుంది.

ఒక్కోసారి తీగ మార్చాక ధ్వని నిజంగానే బాగుపడుతుంది. ఏళ్ల తరబడి కదపని ప్లగ్గును పీకి మళ్లీ దోపితే దాని మీది చిలుము రాలుతుంది. ఆ వైద్యం పాత తీగతో కూడా జరుగుతుంది, ఉచితంగా. పైగా తెలియకుండా వాల్యూము రవ్వంత పెరిగినా చెవి దాన్ని "బాగుంది" అనే లెక్క వేసుకుంటుంది.

వాళ్ల హాలు చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది. నేల నిండా అద్దంలా మెరిసే టైల్స్, ఒక గోడంతా గాజు, కర్టెన్లు లేవు. చప్పట్లు కొడితే నాలుగు వైపుల నుంచీ తిరిగొస్తాయి. వరంగల్ కొత్తవాడలో నేసే దళసరి జంపఖానా ఒకటి స్పీకర్ల ముందు పరిచి, కిటికీలకు బరువైన తెరలు కట్టుకొమ్మని చెప్పాను. మొదటిసారి నా మాట విన్నాడు. మర్నాడే జంపఖానా తెప్పించాడు.

దాన్ని నిలువునా మూడు మడతలు వేసి, ఆంప్లిఫయరు దగ్గర్నుంచి ప్లగ్గు దాకా ఆ తీగ కింద పరిచాడు. తీగ నేలకు తగిలితే కంపనాలు ఎక్కుతాయట.