జీఎల్ఎక్స్ఇన్ఫో వాక్యత్రయమునకు టీకా తాత్పర్యము

మూలము:
డైరెక్ట్ రెండరింగ్: యెస్
డివైస్: ఎల్ఎల్‌వీఎంపైప్, 256 బిట్స్
యాక్సెలరేటెడ్: నో

అవతారిక: లినక్సు డెస్క్‌టాపుపై బ్రౌజరు స్క్రోలు చేయగా పేజీ ఆగి ఆగి కదలుటయు, ఫ్యాను హోరెత్తుటయు కని విసిగిన వినియోగదారుడు టెర్మినల్ తెరచి జీఎల్ఎక్స్ఇన్ఫో -బి అని కొట్టగా, వచ్చిన జవాబిది.

ప్రతిపదార్థము: డైరెక్ట్ రెండరింగ్ = ఎక్స్ సర్వరుకు అప్పగింపక ప్రోగ్రాము తానే గీయుట; యెస్ = ఔను; డివైస్ = గీయువాడు; ఎల్ఎల్‌వీఎంపైప్ = మెసా లైబ్రరీలోని సాఫ్ట్‌వేర్ రెండరరు, అనగా గ్రాఫిక్స్ కార్డు పనిని ప్రాసెసరు చేత చేయించునది; 256 బిట్స్ = అది వాడుకొను ప్రాసెసరు వెక్టరు వెడల్పు, కార్డు మెమరీ కాదు సుమా; యాక్సెలరేటెడ్ = కార్డు సాయము; నో = లేదు.

తాత్పర్యము: అయ్యా, డబ్బు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చున్నది. చాకిరీ అంతయు ప్రాసెసరుదే.

విశేషములు: మొదటి పాదమున యెస్ చూచి, అంతయు సవ్యమేనని టెర్మినల్ మూసివేయువారు పెక్కండ్రు. అది పొసగదు. ప్రాసెసరు గీసినను నేరుగా గీసినట్లే లెక్క. మూడవ పాదమే ప్రమాణము. 1920×1080 తెరపై పిక్సెళ్లు 20,73,600. సెకనుకు 60 ఫ్రేములన్నచో ఒక్కొక్క ఫ్రేముకు గడువు 16.7 మిల్లీసెకన్లు. ఇంత బరువు ప్రాసెసరు నెత్తిన పెట్టి ఫ్యానును తిట్టుట న్యాయమా?

పూర్వపక్షము: జీఎల్ఎక్స్‌గేర్స్ చక్రములు చక్కగా తిరుగుచున్నవి కదా? తిరుగును. చిన్న కిటికీలో మూడు పళ్లచక్రములు త్రిప్పుట ప్రాసెసరుకొక లెక్క కాదు. దానిని పరీక్షగా ఒప్పుకొనరాదు.

కారణ విచారము: ప్రధాన నిందితుడు నోమోడ్‌సెట్. ఇన్‌స్టాల్ నాడు తెర నల్లబడినదని బూట్ వరుసలో చేర్చినది, పిదప తీయ మరచినది. అది ఉన్నంత కాలము గ్రాఫిక్స్ డ్రైవరును కెర్నెల్ పనిలోకి రానీయదు. క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్ అనినచో దొంగ దొరుకును. గ్రబ్ సెట్టింగులలో ఆ పదము తొలగించి, అప్‌డేట్-గ్రబ్ నడిపి, రీబూట్ చేయవలెను. సెక్యూర్ బూట్ వలన సంతకము లేని డ్రైవరు ఆగిపోవుట, రెండర్ గ్రూపులో యూజరు లేకుండుట, వర్చువల్ మెషీనుకు త్రీడీ ఇయ్యకుండుట తక్కిన కారణములు.

పాఠాంతరము: ఎన్‌వీడియా సొంత డ్రైవరు వారి ప్రతిలో మూడవ పాదము కానరాదు. వారికి కార్డు పేరు కనబడుటే చాలును. తక్కినవారికి మూడవ పాదము యెస్ కావలెను. అయ్యును నెమ్మదిగా నడచినచో అది వేరు ప్రకరణము. ఈ టీక దానికి పూచీ కాదు.