పొలం నుంచి ప్లేటుకు, వయా లిఫ్టు

ప్రమోషన్ వచ్చిందని మావాడు మమ్మల్ని జూబ్లీహిల్స్‌లో ఓ హోటల్‌కు తీసుకెళ్లాడు. హోటల్ అనకూడదట, 'పొలం నుంచి ప్లేటుకు' అనాలట. పొలానికీ ప్లేటుకూ మధ్య అయిదంతస్తుల లిఫ్టుంది. లోపల గోడకు నాగలి వేలాడుతోంది. మా నాన్న ఉంటే "ఎవరిది జప్తు చేశారు?" అని అడిగేవాడు.

పలక మీద సుద్దముక్కతో మెనూ. తాజా, స్థానికం, ఈ కాలపు పంట అని పైన మూడు ముక్కలు, కింద మొదటి వంటకం చింతచిగురు పప్పు. మేం వెళ్లింది కార్తీకంలో. చింతచెట్టు చిగురు తొడిగేది ఎండలు ముదిరాక కదా అన్నాను. "మా దగ్గర ఏడాదంతా సీజనే సర్" అన్నాడు వెయిటరు. ఫ్రీజరుకు ఋతువులుండవని మరిచాను. రెండోది అవకాడో పచ్చడి. ఇందులో స్థానికమేమిటయ్యా అంటే, "నూరింది ఇక్కడే సర్" అన్నాడు. కాదనలేం.

జొన్నరొట్టెలు రెండు, మూడొందల ఎనభై రూపాయలు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు, పీడ వదిలిందని మా ఊరు జొన్నరొట్టెను సాగనంపింది. నలభై ఏళ్లకు, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసేసరికి అదే రొట్టె లిఫ్టెక్కి తిరిగొచ్చింది. పప్పు తాండూరు కందిదట. మెనూ అట్ట మీద నవ్వుతున్న రైతు ఫొటో. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫొటోలో రైతుకు మాత్రం పేరు లేదు.

ఈ కాలపు పంట తినడమంటే ఏమిటో మా ఇంట్లో అనుభవించాం. పెంకుల మీద చిక్కుడు పాదు కాపుకొచ్చిందంటే సోమవారం చిక్కుడు టమాటా, మంగళవారం చిక్కుడు వేపుడు, బుధవారం చిక్కుడు వంకాయ. గురువారం కంచం చూడకుండానే ఏడుపు. "ఎండలు రానీండి, కావాలన్నా దొరకదు" అనేది అమ్మ. మేం ఆ ఎండల కోసమే ఎదురుచూసేవాళ్లం. ఏ హోటలువాడైనా అంత నిజాయతీగా నెలరోజులు చిక్కుడే వడ్డిస్తే, గురువారానికి ముందుగా పారిపోయేవాణ్ని నేనే. (మా ఆవిడ మాత్రం బుధవారమే అంటోంది.)

చేతులు కడుక్కోవడానికి వెళ్తే వంటింటి తలుపు సందులోంచి తెలిసిన వాసన. పనివాళ్లు నలుగురు కింద కూర్చుని తింటున్నారు. స్టీలు గిన్నెలో చిక్కుడుకాయ టమాటా.

"ఇది మెనూలో లేదేం బాబూ?"

"మాకోసం వండుకున్నది సర్. బోయినపల్లి మార్కెట్లో ఇప్పుడిదే చవక. కస్టమర్లకు ఇదేం పెడతాం?"

ఓ ముద్ద అడుగుదామనుకున్నాను. అప్పటికే మావాడు కార్డు గీకేశాడు.