ప్లాస్టిక్ శాస్త్రి

గ్లాసు పగలగొట్టిన పిల్లాడు ‘గ్లాసు పగిలింది’ అంటాడు. ‘పగలగొట్టాను’ అన్న పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు. మన తెలుగులో ప్రతి తప్పుకీ ఇలాంటి క్రియ ఒకటి తయారుగా ఉంటుంది. పాలు పొంగాయి. తాళంచెవి పోయింది. ఆలస్యమైంది. ఎవరు చేశారో ఎక్కడా ఉండదు. మీసాలొచ్చాక చాలామంది ఈ సదుపాయాన్ని కొంచెం తగ్గించుకుంటారు. నలభై ఆరేళ్ళు వచ్చినా ఒక్క ఇంచు తగ్గించుకోని మనిషి అమెరికాలో, షార్లెట్ నగరంలో నాకొకాయన తెలుసు. సొంత ఊరు తెనాలి. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అసలు పేరు జీతం చెక్కు మీద ఉంటుంది. మా మధ్య మాత్రం ఆయన ప్లాస్టిక్ శాస్త్రి. ఇంటిపేరు కాదు, వంటిపేరు కాదు, చదివిన శాస్త్రాన్ని బట్టి వచ్చింది.

ఆయన ఆడే ఆట డిస్క్ గోల్ఫ్. గోల్ఫే, కాకపోతే బంతీ కర్రా ఉండవు. చేతిలో ప్లాస్టిక్ పళ్ళెం, గుంతకి బదులు ఇనపరాటకి గొలుసులు వేలాడే బుట్ట. చెట్ల మధ్యనుంచి ఎన్ని విసుర్లకి పళ్ళెం ఆ బుట్టలో పడిందో లెక్క. ఈ బుట్టని కనిపెట్టినాయన ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలో మొదటి శాశ్వత మైదానం వేసిందీ ఆయనే. చాలా పార్కుల్లో ఈ ఆట ఉచితం. నిజం చెప్పాలంటే మావాళ్ళు కొందరు ఇందులో దిగింది అందుకే. ఉచితమని మొదలుపెట్టిన ఆటమీద శాస్త్రి ఇప్పటికి ఎంత తగలేశాడో వదినకి తెలీదు. నాకు తెలుసు. చెప్పను.

శనివారం పొద్దున్నే హార్నెట్స్ నెస్ట్ పార్కుకి వెళ్తాం. ఆయన విసురుతాడు, నేను సంచీ మోస్తాను. ఆ సంచీలో ఇరవై రెండు డిస్కులుంటాయి. దగ్గరనుంచి బుట్టలో వెయ్యడానికి పటర్లనీ, మధ్యదూరానికి వేరే రకాలనీ ఉన్నాయి గానీ, వాటిమీద శాస్త్రికి గౌరవం లేదు. ఆయన మనసంతా డిస్టెన్స్ డ్రైవర్ల మీదే. వెడల్పాటి అంచు, కత్తిలా పదునైన చివర, దూరం పోవడానికే పుట్టిన డిస్కులవి.

డిస్కు డిస్కుకీ ఒక జాతకం ఉంటుంది. నాలుగే అంకెలు: స్పీడు, గ్లైడు, టర్ను, ఫేడు. ఇన్నోవా కంపెనీ డిస్ట్రాయర్ అని ఒకటి చేస్తుంది. దాని జాతకం 12, 5, మైనస్ 1, 3. కుడిచేత్తో వెనకనుంచి తిప్పి విసిరితే డిస్కు గడియారం ముల్లులా తిరుగుతుంది. వేగం మీద ఉన్నంతసేపూ కాస్త కుడికి ఒరుగుతుంది, అది టర్ను. ఊపు తగ్గాక ఎడమకి కొట్టేస్తుంది, అది ఫేడు. గ్లైడు అంటే గాలిలో తేలే గుణం. ఇంతవరకూ గొడవ లేదు. గొడవంతా మొదటి అంకెలో ఉంది. పన్నెండు అంటే అది అంత జోరుగా పోతుందని కాదు, అంత జోరుగా నువ్వు విసరాలని. పెళ్ళికొడుకు జాతకంలో రాజయోగం ఉందనుకుని సంబరపడ్డాక, యోగం మామగారిదని తెలిసినట్టు. శాస్త్రి ఈ అంకెని తన గుణగణాల్లో కలిపి చదువుకుంటాడు.

ఇక ప్లాస్టిక్. ఒకే అచ్చులో ఇన్నోవా వాళ్ళు రకరకాల ప్లాస్టిక్ పోస్తారు. ఛాంపియన్ అనేది గట్టిది, అద్దంలా అవతలివైపు కనిపిస్తుంది, చెట్లని ఎంత గుద్దినా త్వరగా అరగదు. ఎడమకి తిరగాలన్న పట్టుదల ఎక్కువ. స్టార్ అనేది అవతలికి కనపడదు, చేతికి పట్టు దొరుకుతుంది, ఛాంపియన్ కంటే కొంచెం మెత్తటి స్వభావం. ప్రో ఇంకా పట్టు ఇస్తుంది, బాగా తేలుతుంది, తొందరగా అరుగుతుంది. జీ స్టార్ చలికాలంలో కూడా వంగుతుంది. డీఎక్స్ అన్నిటికంటే చవక. నాలుగు చెట్లని గుద్దేసరికి దాని అంచు గాట్లుపడి, కుడికి తిరగడం మొదలుపెడుతుంది. జాతకం మాత్రం అందరికీ ఒకటే రాస్తారు, కవలపిల్లలకి రాసినట్టు.

అచ్చు ఒకటే అయితే ఎగరడంలో తేడా ఎందుకొస్తుందని ఒకసారి అడిగాను. ఆ రోజు నాకు పని లేదు, అందుకు అడిగాను. శాస్త్రి చెప్పింది న్యాయంగానే ఉంది. వేడి ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, ఒక్కో రకం ఒక్కోలా. మైసూర్‌పాక్ పళ్ళెంలో పోశాక నెయ్యిని బట్టి ఒకటి నడుమ ఉబ్బి, ఇంకోటి పీట వేసినట్టు కూచోదూ, అలాగ. చల్లారాక డిస్కు నడుమ ఎంత ఉబ్బిందీ (ఆ ఉబ్బునే డోము అంటారు), అంచు గీత ఎంత ఎత్తున నిలిచిందీ అన్నదాన్ని బట్టి నడక మారుతుంది. గీత పైకుంటే ఎడమ పట్టుదల పెరుగుతుంది. అరిగి కిందికొస్తే కుడికి మెత్తబడుతుంది. అందుకే పెద్ద ఆటగాళ్ళు ఒకే డిస్కుని కొత్తది, సగం అరిగింది, బాగా అరిగింది అని మూడు నాలుగు వయసుల్లో మోస్తారు. అంతా నిజం. పార్కులో అడిగి చూశాను, నలుగురూ ఇదే చెప్పారు. శాస్త్రి శాస్త్రంలో తప్పు లేదు. ఆ శాస్త్రం ఆయనకి వర్తించదు, అంతే.

ఎందుకు వర్తించదో చెప్పాలంటే నాలుగు డిస్ట్రాయర్ల పరీక్ష గురించి చెప్పాలి. ఛాంపియన్, స్టార్, ప్రో, జీ స్టార్. నాలుగూ కొత్తవి. వదిన ఆవపిండి తూచుకునే వంటింటి త్రాసు మీద తూచి, దగ్గర దగ్గర ఒకే బరువువి ఏరాడు. డిస్కు అడ్డంగా ఉన్న ప్రతి సెంటీమీటరుకీ 8.3 గ్రాములు మించకూడదని నియమం. డ్రైవరు ఇరవయ్యొక్క సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది కాబట్టి నూట డెబ్భై అయిదు దగ్గర ఆగుతుంది. గాలి లేని పొద్దు చూశాం. నాకు నోటుపుస్తకం ఇచ్చాడు.

మొదట ఛాంపియన్ విసిరాడు. పైకి లేచింది, ఎడమకి తిరిగింది, దేవదారు చెట్టు మొదట్లో పడింది.

“చూశావా? మొండి. రాసుకో.”

స్టార్. లేచింది, తిరిగింది, దేవదారు మొదట్లో పడింది.

“దీనిలో ఒక లాలిత్యం ఉంది. ఆఖర్న కాస్త ఆలోచించింది, గమనించావా?”

ప్రో. దేవదారు.

“తేలింది! తేలడం వేరు, ఎగరడం వేరు తమ్ముడూ.”

జీ స్టార్ కూడా అక్కడికే వెళ్ళింది. నేను నడిచి వెళ్ళి చూస్తే నాలుగూ అయిదడుగుల మేరలో, ఒకే తల్లి పిల్లల్లా పడుకుని ఉన్నాయి. అడుగులు లెక్కపెట్టాను. రెండువందల ఇరవై. నోటుపుస్తకంలో మాత్రం శాస్త్రి చెప్పింది చెప్పినట్టు ఒకటిన్నర పేజీ వచ్చింది.

పక్కనే వంతుకోసం ఆగిన ముసలాయన ఒకడు ఇదంతా చూశాడు. ఆ పార్కులో ఆకుల రంగులు మారడం చాలాసార్లు చూసిన మనిషిలా ఉన్నాడు. పన్నెండో నంబరు డిస్కుకి ఆ పరుగు చాలదని, పరుగు లేనప్పుడు ఏ ప్లాస్టిక్ అయినా ఎడమకే కూలుతుందని, కొన్నాళ్ళు ఆరో నంబరు లెపర్డ్ పట్టుకుని చెయ్యి కుదుర్చుకోమని నెమ్మదిగా చెప్పాడు. శాస్త్రి చేతులు కట్టుకుని విన్నాడు. మొహంలో మార్పు కనిపించింది. ఇన్నాళ్ళకి దారిలో పడ్డాడనుకున్నాను. అంతా విని, ఒక్కటే అడిగాడు.

“లెపర్డ్ ఏ ప్లాస్టిక్‌లో తీసుకోమంటారు?”

డిస్కు కొనేటప్పుడు శాస్త్రిని చూడాలి. వెలుతురుకి పట్టి చూస్తాడు. రెండు బొటనవేళ్ళతో నడుమ నొక్కి, ఎంతసేపటికి పైకి లేస్తుందో కళ్ళు మూసుకుని లెక్కపెడతాడు. అంచుని చెవిదగ్గర పెట్టి గోటితో కొడతాడు. వాసన చూస్తాడు. ఒకసారి వెంట వచ్చిన వదిన, “నా పెళ్ళిపట్టుచీర ఇంత చూసి కొన్నారా?” అంది. “చీర ఎగరదు కదే,” అన్నాడు. ఆ వారం ఆయన భోజనం మా ఇంట్లో.

హెడ్రిక్ 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోశారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఒక్క క్షణం మౌనంగా ఉంటారు. మనకి గోదావరి ఎలాగో ఆయనకి అచ్చు అలాగ. శాస్త్రీ మౌనంగానే ఉన్నాడు. తర్వాత, బూడిద కలిస్తే ఫేడు పెరుగుతుందా తగ్గుతుందా అని రెండు రోజులు ఆలోచించాడు.

నెవాడాలో 2016లో డేవిడ్ విగ్గిన్స్ అనే కుర్రాడు వీపున పెద్దగాలి పెట్టుకుని 338 మీటర్లు విసిరాడు. మా శాస్త్రి అయిదుసార్లు విసిరితే అక్కడికి చేరతాడు, మధ్యలో దేవదార్లు లేకపోతే. ఆ గాలి సంగతీ ఆ కుర్రాడి భుజం సంగతీ శాస్త్రి నోట ఇంతవరకూ రాలేదు. షార్లెట్‌కి అరగంట దూరంలో రాక్ హిల్ ఉంది. అక్కడ విన్‌త్రాప్ విశ్వవిద్యాలయం మైదానంలో 1999 నుంచి అమెరికా ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. మనవాళ్ళు కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్ళినట్టు శాస్త్రి అక్కడికి వెళ్తాడు. జనమంతా విసిరేవాడి నడుము తిరగడం చూస్తుంటే, ఈయన బైనాక్యులర్స్‌తో డిస్కు రంగు చూస్తుంటాడు.

మొన్న ఎండాకాలం తెనాలి నుంచి వాళ్ళమ్మగారు వచ్చారు. వచ్చిన మూడోరోజు రాత్రి పాలు తోడుపెట్టి, గిన్నెకి మూత కనపడక, గోడ దగ్గర కనపడ్డదేదో పెట్టారు. అది ఛాంపియన్ డిస్ట్రాయర్. శాస్త్రి చూసి గుండె పట్టుకున్నాడు.

“అమ్మా! అది మూత కాదే!”

“మూత కాకపోతే ఇంత అమిరిగ్గా ఎలా కూర్చుంటుందిరా? పైగా లోపల తోడుకుందో లేదో పైనుంచే కనిపిస్తోంది. ఎంత పెట్టి కొన్నావో గానీ మంచి సరుకు.”

“కింద వేడి తగిలితే డోము పోతుందమ్మా!”

“ముట్టుకోకు. కదిలిస్తే పెరుగు విరుగుతుంది.”

అమ్మ మాట దాటే మనిషి కాదు. తెల్లారేదాకా వంటింట్లో కుర్చీ వేసుకుని కూచున్నాడట. ఆ శనివారం అదే డిస్కు ఎప్పటిలాగే దేవదారు మొదట్లో పడింది. శాస్త్రి నావైపు తిరిగి, “పాలు గోరువెచ్చగా కాదు, బాగా వేడిగా ఉండి ఉంటాయి,” అన్నాడు.

అన్నట్టు, ఒకటి చెప్పడం మరిచాను. విసురు బాగా కుదిరితే ఆయన ‘వేసేశాను చూశావా’ అంటాడు. కుదరకపోతే డిస్కు తిరిగింది, డిస్కు మొరాయించింది, డిస్కు ముదిరింది. నాలుగేళ్ళుగా ఇందులో ఒక్క పొరపాటు జరగలేదు. కిందటి నెలలో జరిగింది.

ఒక చిన్న బుట్ట దగ్గర ఇది. నూట తొంభై అడుగులు, దారి తిన్నగా ఉంటుంది. విసిరే చోటికి పక్కన ముళ్ళపొదలో ఎవరిదో డిస్కు దొరికింది. మీద ముద్ర మొత్తం అరిగిపోయింది. రంగు ఒకప్పుడు నారింజ అయ్యుండాలి. అడుగున ఫోన్ నంబరూ, పిల్లలు వేసిన నవ్వు బొమ్మా ఉన్నాయి. పోయిన డిస్కు దొరికితే ఫోన్ చేసి ఇచ్చెయ్యడం ఇక్కడి మర్యాద. శాస్త్రి దాన్ని వెలుతురుకి పట్టాడు, నొక్కాడు, గోటితో కొట్టాడు, వాసన చూశాడు. మొహం ముడుచుకుంది.

“స్టార్ కాదు. ప్రో కాదు. డీఎక్స్ అనుకుందామంటే ఈ గట్టిదనం ఏవిటి?”

సంచీ నిండిపోయి ఉంది. “అన్నా, దాన్ని ముందుకి గిరాటెయ్, వెళ్తూ తీసుకుందాం,” అన్నాను. ఆయన నాతో జీ స్టార్ గురించి ఏదో చెబుతూ, దానివైపు చూడకుండా గిరాటేశాడు. కొంచెం కుడికి ఒరిగింది, మళ్ళీ తిన్నబడింది, గొలుసులు ఝల్లుమన్నాయి.

ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత శాస్త్రి పద్ధతి ప్రకారం స్టార్ డిస్ట్రాయర్ తీసి, పద్ధతి ప్రకారం విసిరాడు. చెట్టు. ఆ బుట్టకి లెక్కలో నాలుగు రాసుకున్నాం, ముందుది ఆటలో వేసింది కాదు కాబట్టి.

కార్లో కూచుని ఆ నంబరుకి ఫోన్ చేశాడు. ఎవరో ఆవిడ ఎత్తింది. తమ అబ్బాయిదే, పదేళ్ళవాడు, ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముతుంటే వాటిలో కొన్నాడు, దొరికింది చాలా సంతోషం అంది. అది ఏ ప్లాస్టిక్కో ఏమైనా తెలుసా అని శాస్త్రి అడిగాడు. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. “ప్లాస్టిక్ అంటే... మామూలు ప్లాస్టిక్కే కదండీ,” అంది.

మర్నాడు వెళ్ళి ఇచ్చేస్తానని చెప్పి ఇంటికి తెచ్చాడు. నేను కాఫీకి ఆగాను. వంటింటి త్రాసు మీద పెట్టి తూస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. సంగతి నేను అప్పటికే వదిన చెవిన వేశాను.

“ఏవండీ, ఒక్క విసురుకే బుట్టలో వేశారట?” అంది వదిన, గ్లాసులు అందిస్తూ.

శాస్త్రి త్రాసు మీంచి తల ఎత్తలేదు.

“వెయ్యలేదు,” అన్నాడు. “పడింది.”